సారవ్వ కొత్త పాట వినకుండుట గురించి

పాట నచ్చడం కూడా సర్వీసు విషయమేనని ఉద్యోగంలో చేరేదాకా నాకు తెలియదు. డిగ్రీలో మాకది చెప్పలేదు. పోటీ పరీక్షకు చదివిన గైడ్లలోనూ లేదు. మా ఇంట్లో నాకంటే ముందు ఎవరూ ఆఫీసు మెట్లెక్కి పనిచేసినవాళ్లు లేరు కాబట్టి, అడిగి తెలుసుకునే వీలు కూడా లేకపోయింది.

నా పేరు తిరుమలేష్. మా ఊరి పురపాలక సంఘంలో జూనియర్ అసిస్టెంటును. ప్రొబేషన్‌లో ఉన్నాను. అంటే ఉద్యోగం ఉంది, కానీ ఇంకా నాది కాదు. మా అమ్మ బీడీలు చుడుతుంది. ఆమె లెక్కలో ప్రొబేషన్ అంటే పెళ్లిచూపులు అయిపోయి, అవతలివాళ్ల కబురు రాకపోవడం. "కబురొచ్చిందారా?" అని జీతం పడిన ప్రతిసారీ అడుగుతుంది. రాలేదంటే చేటలో తునికాకు సర్దుకుంటూ, "ఏం తక్కువున్నదట నీకు?" అంటుంది.

అలా ఉండగా మా కమిషనర్ పురంధర్ గారు హైదరాబాదులో ఒక శిక్షణకు వెళ్లి, ఒక భుజం సంచీ, ఒక నీళ్ల సీసా, ఒక ఆలోచన పట్టుకుని తిరిగొచ్చారు. సంచీ డ్రైవరుకిచ్చారు. సీసా ఇంటికి పంపారు. ఆలోచన మాకొచ్చింది. దాని పేరు 'ఆనంద కార్యాలయం'. మర్నాడే సర్క్యులర్ దిగింది.

"పై విషయమై సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, గీతములను వినుట వలన మనస్సు ఉల్లాసము పొందుననియు, ఉల్లాసము పొందిన మనస్సు ఇంటి పన్ను వసూళ్లను పెంచుననియు నిపుణులు నిర్ధారించియున్నారు. కావున ప్రతి ఉద్యోగియు తన అభిమాన గీతమును, ఒక్కదానిని మాత్రమే, మూడు ప్రతులలో ప్రకటించవలెను. హాజరు యంత్రముపై వేలు పెట్టిన తక్షణమే సదరు గీతము వరండాలోని స్పీకరు నందు మోగును. తద్వారా ఉద్యోగి ఆనందముతో విధులలో ప్రవేశించును. ప్రవేశించనిచో సంజాయిషీ కోరబడును."

మా సెక్షన్ సీనియర్ అసిస్టెంటు లింబాద్రి సార్ చాలామంది కమిషనర్లను చూసిన మనిషి. ఆయన తలెత్తకుండానే సలహా ఇచ్చాడు.

"దేవుని పాట రాయి తమ్మీ. దేవుని పాట మీద ఎవ్వడు ఆబ్జెక్షన్ పెట్టడు."

"కానీ సార్, నాకు బొల్లి సారవ్వ పాటలిష్టం."

"నీకేదిష్టమని ఎవడడిగిండు? అభిమాన గీతమేదని అడిగిన్రు."

ఆ తేడా నాకప్పుడు అర్థం కాలేదు. అడిగినదానికి నిజం రాయాలని మా బడిలో నేర్పారు. రాశాను.

సారవ్వ గురించి రెండు మాటలు చెప్పాలి. ఆమె పత్తి ఏరుతూ పాడిన పాటను ఎవరో ఫోన్లో తీసి యూట్యూబులో పెడితే, ఆ గొంతు జిల్లాలు దాటింది. తర్వాత స్టూడియోలో పాడించి ఒక ఆల్బం తెచ్చారు. అందులో నాకు ప్రాణం 'సద్ది మూట' పాట. "సద్ది మూట మరిచిపోతివి బావా, సగం దారి పోయినంక యాదికొస్తినా" అని మొదలవుతుంది. మరిచిపోయింది మూటనే అయినా కోపమంతా తనను మరిచినందుకు. డిగ్రీ చదివే రోజుల్లో బస్సు కిటికీ పక్కన కూర్చుని ఆ పాట వింటూ, నాకు లేని మరదలి మీద బెంగ పెట్టుకునేవాణ్ణి. రెండో చరణానికి ముందు సారవ్వ ఊపిరి తీసుకునే చప్పుడు వినిపిస్తుంది. స్టూడియో వాళ్లు దాన్ని తీసేయడం మరిచారో, కావాలనే ఉంచారో. నాకైతే పాటంతా ఆ ఊపిరి కోసమే వింటున్నట్టు ఉండేది.

ఆ ఆల్బం తర్వాత సారవ్వ గొంతుకు ఆపరేషన్ అయింది. ఇక పాడదన్నారు. అందుకే ఆ ఒక్క పాటనే రాసిచ్చాను. మరో పాట వస్తుందన్న ఆశ అప్పటికి లేదు.

మొదటి వారం బాగానే జరిగింది. ఆ తర్వాత హోదా ప్రశ్న లేచింది. అటెండరు పాట అయిపోయేదాకా కమిషనర్ గారు యంత్రం ముందు నిలబడాల్సి వచ్చింది. సవరణ వచ్చింది. కమిషనర్ గారికి పూర్తి పాట. మేనేజరు మేడంకు పల్లవి, ఒక చరణం. సీనియర్ అసిస్టెంట్లకు పల్లవి. జూనియర్ అసిస్టెంట్లకు సగం పల్లవి. అటెండర్లకు పాటకు ముందొచ్చే సంగీతం మాత్రమే, గొంతు మొదలు కాకుండా.

నా సగం పల్లవి "సద్ది మూట మరిచిపోతివి బావా" దగ్గర తెగేది. రోజూ అంతే. వేలు పెట్టగానే వరండా అంతా ఆ ముక్క మోగి ఆగేది. నెల తిరగకముందే ఆఫీసులో నా పేరు పోయింది.

"బావా, ఆ నల్లా కనెక్షన్ ఫైలు ఏడ పెట్టినవే?"

"బావొచ్చిండు, టైమైంది, లేవుండ్రి."

చివరికి పన్ను కట్టడానికొచ్చిన ఒక పెద్దాయన కౌంటర్లోంచి, "రసీదు ఇస్తవా బావా?" అన్నాడు. ఆయన తప్పేం లేదు, అదే నా పేరనుకున్నాడు.

ఇంటికెళ్లి మొత్తం పాట పెట్టుకుని ఆ తెగిన ముక్కను అతికించుకుందామనుకునేవాణ్ణి. కానీ "బావా" దగ్గరకు రాగానే నా వేలు దానంతటదే యంత్రం మీద నుంచి తీసినట్టు లేచేది. ఆకలి సచ్చిపోయినట్టు పాట సచ్చిపోయింది. సారవ్వ ఊపిరి వినిపిస్తే, ఆమె కూడా అలిసిపోయిందనిపించింది.

సరిగ్గా అప్పుడే కబురు తెలిసింది. అమ్మ అడిగే కబురు కాదు. సారవ్వకు గొంతు తిరిగొచ్చింది, కొత్త ఆల్బం వచ్చే నెల విడుదల.

ఆ సాయంత్రం నేను ఆఫీసు నుంచి ఇంటికి నడిచి వెళ్లలేదు, దాదాపు ఎగిరివెళ్లాను. పొద్దున్నే మేనేజరు సువర్చల మేడం ముందు నిలబడి అడిగాను.

"మేడం, అభిమాన గీతం మార్చుకోవచ్చా?"

ఆవిడ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. మంచిది కాని మాట చెప్పేముందు అలా చేస్తుంది.

"చూడు బాబూ, లింబాద్రి గారు పండుగ వచ్చినప్పుడల్లా దేవుని పాట మార్చిన్రు. దాంతోని పైనుంచి అడిగిన్రు. ఇప్పుడు రూలొచ్చింది. పర్మినెంటోళ్లు ఏడాదికోసారి మార్చుకోవచ్చు. ప్రొబేషన్‌ల ఉన్నోళ్లు మార్చద్దు. ఇష్టమే నిలకడగ లేనోడు ఉద్యోగంల ఎట్ల నిలుస్తడని సార్ రాసిన్రు. మారిస్తే ప్రొబేషన్ డిక్లేర్ కాదు, నౌకరీ పక్కా కాదు."

అంతటితో ఊరుకోవాల్సింది. కానీ నా మనసులో ఒక సందేహం మిగిలింది. ఉద్యోగి సందేహాన్ని మనసులో ఉంచుకోరాదు, పై అధికారికి నివేదించాలి అని శిక్షణలో చెప్పారు. నివేదించాను: "అయ్యా, నేను పాట మార్చను. కానీ కొత్త పాట విన్నప్పుడు అది నచ్చితే, నమోదైన పాటపై ఇష్టం దానంతటదే తగ్గితే, నా ప్రకటన తప్పు ప్రకటన అవుతుందా?"

లింబాద్రి సార్ నెత్తి కొట్టుకున్నాడు.

"నిన్ను ఎవడన్నా అడిగిండా? మంచిగున్న గోడకు పోయి నువ్వే రంధ్రం చేస్తివి గదరా బావా!"

కమిషనర్ గారు మాత్రం చాలా సంతోషించారు. నన్ను పిలిపించి, కూర్చోమనలేదు కానీ, నవ్వారు.

"ఇట్టి లోతైన అంశమును లేవనెత్తిన ప్రథమ ఉద్యోగివి నీవే. నచ్చుట అనునది వినుట వలన సంభవించును. వినుటను నివారించినచో నచ్చుట నివారింపబడును. కావున వినరాదు."

"ఊరంతా మోగుతది సార్..."

"ఊరు మన పరిపాలనలోనిదే గాని, ఊరి చెవులు కాదు. నీ చెవులు మాత్రము ప్రభుత్వ సేవలో ఉన్నవి."

ఆ సాయంత్రమే ఉత్తర్వు వచ్చింది. ప్రొబేషన్‌లోని సిబ్బంది కొత్త గీతముల విడుదల సందర్భముగా తగు జాగ్రత్తలు తీసుకొనవలెను, పారిశుధ్య విభాగము నుండి దూది సరఫరా చేయబడును. ఆ విభాగం జవాను దూది చుట్ట తెచ్చిచ్చి, "ఇది మామూలుగ పీనుగులకు వాడుతం సార్, కొత్తదే లెండి" అన్నాడు.

ఆల్బం విడుదలైంది. ఆ రోజుల గురించి ఎలా చెప్పాలో తెలియడం లేదు. ఎవరి గొంతు ఇక వినలేననుకున్నానో ఆమె వచ్చి ప్రతి వీధిలో నిలబడి పిలుస్తోంది, నేను చెవుల్లో దూది పెట్టుకుని గోడ పక్కన నక్కుతూ పోతున్నాను. చాయ్ హోటల్లో అదే పాట. మిర్చి బండి దగ్గర అదే. బారాత్ వస్తే డీజేలో అదే, దూదిని దాటి పక్కటెముకల్లో మోగేది. అప్పుడు మాత్రం నేను ఎక్కాలు చదువుకునేవాణ్ణి, గట్టిగా. ఒక పెళ్లికొడుకు గుర్రం మీంచి వంగి నన్ను చూసి, "గీనకేమైందిరా?" అని అడిగాడు.

ఇంట్లో ఇంకా కష్టం. ఒకరోజు గుమ్మంలో అడుగు పెట్టేసరికి అమ్మా, పక్కింటి వాళ్లూ చేటలు ముందు పెట్టుకుని, నడిమధ్య ఫోను నిలబెట్టి, బీడీలు చుడుతున్నారు. పాటలో డప్పు అప్పుడే మొదలైంది.

"అమ్మా, బంద్ చెయ్యి!"

"ఏందిరా, నీ సారవ్వే గదరా! రా, కూసో, ఎంత మంచిగ పాడిందో..."

"వినద్దు నేను! నౌకరీ పోతది!"

చెప్పులు వదలకుండానే వెనక్కి పరుగెత్తాను. వెనక అమ్మ పక్కింటావిడతో అంటోంది: "సదువుకున్నోడు గదా పిన్నీ, గట్లనే ఉంటరట."

ఆ ఆల్బంలో ఎన్ని పాటలున్నాయో కూడా నేను తెలుసుకోలేదు. వాటి పేర్లు కంటపడితే ఊహ మొదలవుతుంది. ఊహ కూడా వినడం కిందికే వస్తుందేమో అడుగుదామనుకున్నాను. ఈసారి అడగలేదు. కొంచెం బుద్ధి వచ్చింది.

అది చాలలేదు. ఆడిట్ వాళ్లు వచ్చి, స్పీకరు ఖర్చు చూసి, ఒక మాట రాసి పోయారు: "ఉద్యోగులకు సదరు గీతములు వాస్తవముగా ఇష్టమేననుటకు ఆధారము లేదు." పెన్షన్ తీసుకునే వాళ్లు ఏడాదికోసారి వచ్చి బతికే ఉన్నామని చూపించుకుంటారు కదా, అలాగే మేం కూడా ఏడాదికోసారి వచ్చి, మా ఇష్టం బతికే ఉందని చూపించుకోవాలన్నారు కమిషనర్ గారు. ఇష్టానికి ఆధారం ఏమిటని చర్చ జరిగింది. తల ఊపడం నటించవచ్చు. కన్నీళ్లకు ఉల్లిపాయ ఉంది. చివరికి రోమాంచం ఖాయమైంది. పాట వింటుంటే ముంజేతి మీద వెంట్రుకలు లేవాలి. లేచినట్టు డాక్టరు ధ్రువీకరించాలి. ప్రొబేషన్ వాళ్లకు ఇదే ఆఖరి పరీక్ష.

ఏరియా ఆస్పత్రి నుంచి డాక్టర్ నుస్రత్ గారిని పిలిపించారు. ఆవిడ భూతద్దం బల్ల మీద పెట్టి, "వార్డు నిండా జనాన్ని వదిలి వచ్చాను. వెంట్రుకలు లేచాయా, లేదా, అంతేగా? కానివ్వండి" అంది.

మొదట ఏసీ వేసి పరీక్ష పెట్టారు. అందరికీ లేచాయి. పాట పెట్టకముందే లేచాయి. అందుకని ఏసీ బంద్ చేయించారు. ఉక్కపోతకు కిటికీలన్నీ తెరిపించారు.

నాకు ముందు లింబాద్రి సార్ వంతు. ఆయన దేవుని పాట మొదలవగానే కళ్లు మూసుకుని వణికిపోయాడు. చేతి మీద వెంట్రుకలు సూదుల్లా నిలబడ్డాయి.

"జ్వరమేమన్నా ఉందా?" అడిగింది డాక్టరు.

"భక్తి మేడం."

"నాలుక చూపించండి."

ఆయన పాసయ్యి బయటికి వస్తూ నా చెవిలో అన్నాడు: "పాటెక్కడిదిరా. మార్చి నెల వసూళ్ల టార్గెట్ యాది చేసుకున్న."

నన్ను లోపలికి పిలిచారు. చెవుల్లో దూది తీయించారు. చొక్కా చేయి పైకి మడిచి, ముంజేతిని కిటికీ పక్క బల్ల మీద చాపించారు. కదిపితే పరీక్ష రద్దు. ఎదురుగా అధ్యక్షులు కమిషనర్ గారు. పక్కన మినిట్స్ రాయడానికి సువర్చల మేడం. నమోదైన నా సగం పల్లవి పెట్టారు.

"సద్ది మూట మరిచిపోతివి బావా." ఆగింది.

నా చేతి మీద ఒక్క వెంట్రుక కదల్లేదు. మళ్లీ పెట్టారు. మళ్లీ. డాక్టరు భూతద్దం పైకి కిందికి జరిపింది.

"చదునుగా ఉంది" అంది.

మేడం ముందుకు వంగి మెల్లగా అంది: "ఏదన్నా దుఃఖమైంది యాది చేసుకో బాబూ."

అమ్మను తలుచుకున్నాను. వేళ్ల చివర్లు అరిగి ఆధార్ మిషన్ కూడా పట్టని ఆమె వేళ్లు గుర్తొచ్చాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"కన్నీటికి నిబంధనలలో అవకాశము లేదు" అన్నారు కమిషనర్ గారు. నిజంగానే బాధపడుతూ అన్నారు. "విఫలమైనట్లు రాయవలెను మేడం."

మేడం పెన్ను తీసింది. కానీ రాయలేదు. కిటికీ కింద ధబ్బున చప్పుడైంది. పైపుల కోసం మా సంఘమే తవ్వించి వదిలేసిన గుంతలో ఒక ఆటో ముందు చక్రం దిగబడింది. ఇంజిను ఆగిపోయింది, పాట ఆగలేదు. డప్పు. ఆ వెనకే గొంతు.

"పోయిన గొంతు తిరిగొచ్చెనే పిట్టా, పొలమంతా నీదే పాటనుకుంటివా..."

చెవులు మూసుకోవడానికి చేయి కదపకూడదు. ఎక్కాలు గుర్తు రాలేదు. అది సారవ్వ గొంతే, కానీ పాత గొంతు కాదు. మధ్యలో ఎక్కడో బొంగురుగా చీరుకుపోతోంది. చీరుకుపోయిన చోట ఆగకుండా, అక్కడే నిలబడి నవ్వుతున్నట్టు పాడుతోంది. పిట్టతో కయ్యం పెట్టుకుంటోంది.

"లేచాయి!" అంది డాక్టరు. "మోచేతి దాకా!"

"సంతృప్తికరము" అన్నారు కమిషనర్ గారు వెంటనే. "కొంత ఆలస్యముగా వచ్చినది. అయినను వచ్చినది."

నేను ఉండబట్టలేకపోయాను. "సార్, నిజం చెప్పాలి. అది నా పాటకు కాదు సార్. ఆటోలోదానికి."

డాక్టరు భూతద్దం పక్కకు తిప్పింది, ఊరికే, చేతిలో ఉంది కాబట్టి. గాజులకు పైన, వెంట్రుకలు లేచిన సువర్చల మేడం ముంజేయి కనిపించింది. మేడం కొంగు లాక్కుంది. భూతద్దం ఇంకాస్త తిరిగింది.

"సార్, మీ చెయ్యి..." అంది డాక్టరు.

కమిషనర్ గారు పొట్టి చేతుల చొక్కా వేసుకున్నారు. చేతిని బల్ల కిందికి పెట్టుకున్నారు. "నా చేయి ఈ సమావేశ పరిధిలోనికి రాదు."

"కిటికీ మూయించాలా సార్?" అడిగింది మేడం.

"వినబడనిదానికి కిటికీ మూయుట ఎందుకు?" ఆయన గొంతు సవరించుకుని చెప్పసాగారు. చాలా నెమ్మదిగా, డప్పు దెబ్బకో మాట చొప్పున: "సమావేశ... సమయమున... బయట నుండి... ఏ గీతమును... వినబడలేదు. రాసినారా? ఈ గదిలో ఎవరైనను ఏదైనను గీతమును వినియున్నారా?"

"లేదు సార్" అంది మేడం.

"నేను వెంట్రుకల డాక్టరును. చెవుల డాక్టరును కాదు" అంది నుస్రత్ గారు.

"తిరుమలేష్?"

చరణం మొదలైంది. పిట్ట ఏదో జవాబు చెబుతోంది. సువర్చల మేడం పెన్ను ఎత్తిపట్టుకుని నన్నే చూస్తోంది. నేను విన్నానంటే, మేం నలుగురమూ విన్నాం. వినలేదంటే ప్రొబేషన్ డిక్లేర్ అవుతుంది. నిజం రాయాలని బడిలో చెప్పింది నిజమే. కానీ ఆ బడిలో మినిట్స్ రాసేవాళ్లు లేరు.

"రికార్డుల ఎట్లుంటే అట్ల సార్."

"వినని గీతమునకు రోమాంచము కలుగదు. కావున కలిగిన రోమాంచము నమోదిత గీతమునకే చెందును. ప్రొబేషన్ డిక్లేర్ చేయుటకు అభ్యంతరము లేదు." ఆయన సంతకం పెట్టారు. పెట్టేటప్పుడు చేయి బల్ల మీదికి రాక తప్పలేదు. మేమందరం మర్యాదగా ఫ్యాను వైపు చూశాం. పై వారం నుంచి సిబ్బంది అందరూ నిండు చేతుల చొక్కాలే వేసుకోవాలని ఉత్తర్వు వస్తుందని లింబాద్రి సార్ తలుపు బయటే పందెం కాశాడు. వచ్చింది కూడా.

నేను మెట్లు దిగాను. నెత్తి మీది మూట దించినట్టు మనసు తేలికగా ఉంది, ఆ పాట విన్నానా, వినలేదా అన్న ఒక్క చిక్కు తప్ప. అది కూడా మెట్లు అయిపోయేసరికి విడిపోయింది. సంతకమైన మినిట్స్ ప్రకారం ఆ పాట నేనింకా వినలేదు. ఒక పాటను రెండోసారి మొదటిసారి వినే అదృష్టం ఏ అభిమానికి దొరుకుతుంది?

ఆటో ఇంకా గుంతలోనే ఉంది. డ్రైవరు తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ మా సంఘాన్ని తిడుతున్నాడు.

"అన్నా, ఆ పాట మొదట్నుంచి పెడతావా?"

"ఇందాకట్నుంచి పైన కిటికీల కూసోని ఇంటనే ఉంటివి గదనే?"

"లేదన్నా, వినలేదు. రాసి ఉంది."

అతను నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "అయితే ముందుగాల ఎనకకు పోయి నూకు."

నేను వెనక్కి వెళ్లి భుజం ఆనించాను. అతను పాటను మొదటికి తిప్పి, హ్యాండిల్ పట్టుకున్నాడు. డప్పు మొదలైంది. ఊపిరి బిగబట్టి ఒక్క నూకు నూకాను. చక్రం గుంత అంచు దాకా వచ్చింది. ఇంకో నూకుకు ఆటో బయటపడేదే.

"తిరుమలేష్!"

తలెత్తి చూశాను. కిటికీలో కమిషనర్ గారు. పక్కన మేడం. వెనక భూతద్దం పట్టుకుని డాక్టరు.

"తొందర అవసరము లేదు" అన్నారు కమిషనర్ గారు. "నెమ్మదిగా తోయవలెను."